మనిషి-నెల లెక్క: కొత్త ప్రాజెక్టు మేనేజర్ల పొరపాట్లపై ఫ్రెడరిక్ బ్రూక్స్ గ్రంథం – విమర్శనాత్మక పరిశీలన

1. పాఠ లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ‘మనిషి-నెల’ అనే కొలమానం ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో వివరించగలుగుతారు.
• ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే ఏమవుతుందో లెక్కవేసి చూపగలుగుతారు.
• కొత్తగా బాధ్యత చేపట్టిన మేనేజర్లు సాధారణంగా చేసే పొరపాట్లను, వాటి కారణాలను గుర్తించగలుగుతారు.
• బ్రూక్స్ గ్రంథం బలాలను, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

2. పరిచయం

ప్రాజెక్టు నిర్వహణను గురించి వచ్చిన పుస్తకాలలో ఎక్కువ భాగం ‘చేయవలసినవి, చేయకూడనివి’ అనే జాబితాలే. ముందుగా ప్రణాళిక వేయండి, బృందంతో మాట్లాడండి, గడువు పాటించండి అని అవి చెబుతాయి. వాటిలో తప్పు లేదు. కాని ఈ సలహాలు తెలిసినవారే పదే పదే అవే పొరపాట్లు ఎందుకు చేస్తున్నారన్న ప్రశ్నకు ఆ జాబితాలలో సమాధానం దొరకదు.

ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన గ్రంథం ఫ్రెడరిక్ పి. బ్రూక్స్ 1975లో ప్రచురించిన ‘ద మిథికల్ మ్యాన్-మంత్’. ‘మనిషి-నెల అనే మిథ్య’ అని ఆ పేరును మనం తెలుగులో చెప్పుకోవచ్చు. అది సాఫ్ట్‌వేర్ రంగానికి చెందిన పుస్తకమే అయినా వంతెన కట్టేవారికి, జనాభా లెక్కలు సేకరించేవారికి, పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారికి కూడా అందులో పనికివచ్చే విషయం ఉంది.

ఈ పాఠంలో మనం నిలబెట్టబోయే వాదం ఇది: కొత్త మేనేజరు చేసే పెద్ద పొరపాట్లు తెలివితక్కువతనం వల్ల జరిగేవి కావు. కాగితం మీద లెక్క సరిగ్గా కుదరడం వల్లనే అవి జరుగుతాయి. ఆ లెక్కలో దాగిన లోపాన్ని బయటపెట్టడం బ్రూక్స్ సాధించిన విజయం. ఆ లోపానికి మూల్యం ఎవరు చెల్లిస్తారన్న విషయాన్ని తగినంత చర్చించకపోవడం ఆయన గ్రంథంలోని ముఖ్య పరిమితి.

3. రచయిత, గ్రంథ నేపథ్యం

బ్రూక్స్ 1931లో అమెరికాలో జన్మించారు. ఐబీఎం సంస్థలో సిస్టమ్/360 కంప్యూటర్ల అభివృద్ధికి బాధ్యత వహించారు. ఆ సంస్థ ఈ కంప్యూటర్లను 1964 ఏప్రిల్ 7న ప్రకటించింది. ఆ తరువాత 1964, 1965 సంవత్సరాలలో వాటిని నడిపించే ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని ఆయన చూసుకున్నారు. యంత్రాన్ని తయారుచేయించిన అనుభవం ఉన్న మనిషికే ఆ యంత్రాన్ని నడిపే ప్రోగ్రాముల తయారీ పెను సమస్య అయింది. పని ఉధృతంగా సాగిన దశలో వెయ్యి మందికి పైగా అందులో పాల్గొన్నారు. 1963 నుంచి 1966 వరకు దాదాపు 5000 మనిషి-సంవత్సరాల శ్రమ ఖర్చయి ఉంటుందని బ్రూక్స్ అంచనా. సిస్టమ్ ఆలస్యంగా వచ్చింది. అనుకున్నదానికంటే ఎక్కువ మెమరీ తీసుకుంది, ఖర్చు అంచనాలను మించింది.

ఆయన ఐబీఎంను వదిలి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు చాపెల్ హిల్ ప్రాంగణంలో కంప్యూటర్ విజ్ఞాన శాఖను నెలకొల్పారు. యంత్రాల తయారీ కంటే సాఫ్ట్‌వేర్ తయారీని నడిపించడం ఎందుకు కష్టమని ఐబీఎం అధిపతి టామ్ వాట్సన్ జూనియర్ ఆయనను అడిగారు. ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇచ్చిన సమాధానమే ఈ గ్రంథమని బ్రూక్స్ తన ముందుమాటలో చెప్పుకున్నారు. 1995లో నాలుగు కొత్త అధ్యాయాలతో వార్షికోత్సవ ముద్రణ వెలువడింది. 1999లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2022లో మరణించారు.

పొరపాట్లను గురించి రాసే రచయితలు సాధారణంగా ఇతరుల పొరపాట్లను చూపిస్తారు. బ్రూక్స్ తాను స్వయంగా తీసుకున్న నిర్ణయాలనే పరీక్షకు పెట్టారు. ఈ గ్రంథం నమ్మదగినదిగా అనిపించడానికి అది ఒక ప్రధాన కారణం.

4. మనిషి-నెల అనే కొలమానం

ఒక మనిషి ఒక నెలలో చేసే పని ఒక మనిషి-నెల. నలుగురు ఆరు నెలలు పనిచేస్తే 24 మనిషి-నెలలు. ఖర్చు లెక్కించడానికి ఈ కొలమానం చక్కగా సరిపోతుంది. 24 నెలల జీతం ఎంతో చెప్పవచ్చు. చిక్కంతా దీనితో కాలాన్ని కొలవబోయినప్పుడు వస్తుంది. నలుగురు ఆరు నెలల్లో చేసేది ఇరవైనలుగురు ఒక నెలలో చేస్తారని లెక్క చెబుతుంది. పని అందుకు ఒప్పుకోదు.

4.1 పనుల్లో రకాలు

ఈ విషయాన్ని వ్యవసాయం నుంచి తీసుకున్న ఉదాహరణతో చూద్దాం. పది మంది ఒక రోజులో వేసే వరి నాటును ఇరవై మంది పూటలో వేయగలరు. ఒకరు వేసే వరుసకు మరొకరు వేసే వరుసతో పెద్దగా సంప్రదింపు అవసరం లేదు. ఇది పూర్తిగా విభజించదగిన పని. ఇక్కడ మనిషి-రోజు లెక్క నిజమవుతుంది.

నాటు పూర్తయిన తరువాత పైరు ఎదగాలి, పొట్టకు రావాలి, ఈనాలి, గింజ గట్టిపడాలి. నూరు మంది కూలీలను గట్టు మీద నిలబెట్టినా పైరు ఒక్క రోజు ముందు ఈనదు. ఇది విభజించడానికి వీలులేని పని. గర్భధారణకు తొమ్మిది నెలలు పట్టడాన్ని బ్రూక్స్ దీనికి ఉదాహరణగా చూపారు.

మూడో రకం పనిని విభజించవచ్చు, కాని విభజించిన ముక్కల మధ్య సంప్రదింపు అవసరం. మీ చేతిలో ఉన్న ఇటువంటి పాఠ్యపుస్తకాన్నే తీసుకోండి. పది పాఠాలను పది మందికి పంచి ఇవ్వవచ్చు. కాని ఒకరు ‘వ్యయం’ అన్నదాన్ని మరొకరు ‘ఖర్చు’ అని, ఇంకొకరు ‘ధర’ అని రాస్తే విద్యార్థి తికమకపడతాడు. మూడో పాఠంలో చెప్పవలసిన నిర్వచనాన్ని నాలుగో పాఠం రచయిత తెలిసిందే అనుకుని ముందుకు పోతాడు. కాబట్టి రచయితలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, సంపాదకుడు అన్నింటినీ కలిపి చూడాలి. సాఫ్ట్‌వేర్ తయారీ ఈ మూడో రకానికి చెందుతుంది.

సంప్రదింపు ఎంత పెరుగుతుందో లెక్కించడం సులభం. మనుషుల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యతో హెచ్చించి, వచ్చినదాన్ని రెండుతో భాగించాలి. నలుగురి మధ్య 6 జంటలు ఏర్పడతాయి. ఆరుగురి మధ్య 15, ఎనిమిది మంది మధ్య 28, పది మంది మధ్య 45. మనుషులు రెట్టింపు అయితే జంటలు నాలుగు రెట్లకు పైగా పెరిగాయి. ప్రతి జంటా ప్రతిరోజూ మాట్లాడుకోదు, నిజమే. కాని ఏ జంట మాట్లాడుకోకపోతే ఎక్కడ తేడా వస్తుందో ముందుగా చెప్పలేకపోవడమే అసలు ఇబ్బంది.

4.2 లెక్కవేసి చూద్దాం

ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందన్నది ‘బ్రూక్స్ సూత్రం’గా ప్రసిద్ధి పొందింది. దీన్ని కంఠస్థం చేసి వదిలేయకుండా ఒక ఊహాజనిత ఉదాహరణతో పరీక్షిద్దాం.

నలుగురు, ఆరు నెలలు, 24 మనిషి-నెలల పని. మూడు నెలలు గడిచేసరికి 12 మనిషి-నెలల పని పూర్తికావాలి. 8 మాత్రమే అయింది. మిగిలినవి 16. ఇకనుంచి పని అనుకున్న వేగంతో సాగుతుందని అనుకుందాం.

(అ) ఎవరినీ చేర్చకపోతే: 16ను నలుగురు చేయడానికి 4 నెలలు. ఏడో నెల చివర పని పూర్తవుతుంది. ఒక నెల ఆలస్యం.

(ఆ) మూడో నెల చివర చేర్చితే: కొత్త మేనేజరు 16ను మిగిలిన 3 నెలలతో భాగిస్తాడు. ఐదు కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ‘ఆరుగురు చాలు’ అని మరో ఇద్దరిని తెస్తాడు. కాని నాలుగో నెలంతా ఆ ఇద్దరూ నేర్చుకుంటారు, పాతవారిలో ఒకరు నేర్పుతారు. పనిచేసేది ముగ్గురే. కాబట్టి 13 మిగులుతాయి. ఐదు, ఆరు నెలల్లో ఆరుగురు కలిసి 12 పూర్తిచేస్తారు. ఇంకా 1 మిగిలింది. ఆరో నెల గడువు తప్పింది, కాని ఏడో నెలలో కొద్దిరోజులతోనే పని అయిపోతుంది. అంటే ఒక్క శిక్షణనే లెక్కలోకి తీసుకుంటే మనుషులను చేర్చడం మేలే చేసినట్లు కనిపిస్తుంది. అయితే నలుగురికి పంచిన పనిని విడదీసి ఆరుగురికి మళ్లీ పంచాలి. సగం చేసినది కొంత పక్కన పెట్టాలి. ముక్కలు పెరిగినకొద్దీ వాటిని కలిపి పరీక్షించే పని పెరుగుతుంది. ఈ అదనపు శ్రమ 5 మనిషి-నెలలు అయితే పని సరిగ్గా ఏడో నెల చివరే పూర్తవుతుంది. ఎవరినీ చేర్చకపోయినా అదే తేదీ. ఖర్చు మాత్రం 28 మనిషి-నెలల నుంచి 36కు చేరింది. అదనపు శ్రమ 5 దాటితే చేర్చడం వల్ల ఆలస్యం పెరుగుతుంది.

(ఇ) ఐదో నెల చివర చేర్చితే: అప్పటికి 8 మిగిలాయి, ఒకే నెల ఉంది. ‘ఎనిమిది మంది కావాలి’ అని నలుగురిని తెస్తాడు. ఆరో నెలలో ఆ నలుగురికి నేర్పడానికి పాతవారిలో ఇద్దరు కావాలి. పనిచేసేది ఇద్దరే. 6 మిగులుతాయి. ఏడో నెలలో ఎనిమిది మందికి 8 మనిషి-నెలల శక్తి ఉంది. కాబట్టి అదనపు శ్రమ 2 మనిషి-నెలలు అయితే చాలు, చేర్చిన లాభమంతా హరించుకుపోతుంది. జంటలు 6 నుంచి 28కి పెరిగిన బృందంలో ఆ రెండు ఖర్చుకావడం ఎంతసేపు?

ఈ లెక్క రెండు విషయాలు చెబుతోంది. మనుషులను చేర్చడం తప్పా ఒప్పా అన్నది ఎప్పుడు చేర్చారన్నదానిపై ఆధారపడుతుంది. గడువు దగ్గరపడినకొద్దీ తప్పయ్యే అవకాశం పెరుగుతుంది. కాని సరిగ్గా గడువు దగ్గరపడినప్పుడే మనుషుల కోసం పైఅధికారిని అడిగే ధైర్యం కొత్త మేనేజరుకు వస్తుంది. అంతకుముందు అడిగితే ‘ఇంకా టైముంది కదా’ అంటారని జంకుతాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. తొమ్మిది మంది ఉన్న బృందంలో ఎన్ని జంటలు ఏర్పడతాయి?
2. (ఆ) ఉదాహరణలో అదనపు శ్రమ 2 మనిషి-నెలలే అయితే పని ఎప్పుడు పూర్తవుతుంది?
3. మీ వృత్తిలో లేదా ఊరిలో మీరు చూసిన విభజించలేని పని ఒకటి చెప్పండి.

5. గ్రంథం చూపే మరికొన్ని పొరపాట్లు

5.1 కోరిన తేదీనే అంచనాగా రాయడం

వినియోగదారుకు పని ఎప్పుడు కావాలన్నది ఒక విషయం. అది ఎప్పుడు పూర్తవుతుందన్నది మరొక విషయం. మొదటిది కోరిక, రెండోది అంచనా. పైనుంచి ‘దసరాకు కావాలి’ అని మాట వస్తే, దసరా నుంచి వెనక్కి లెక్కించుకుంటూ వచ్చి నెలలు సర్ది, దాన్నే ప్రణాళిక అని పిలవడం కొత్త మేనేజర్ల మొదటి పొరపాటు. వంటకు పట్టే కాలం భోజనానికి కూర్చున్నవారి తొందరను బట్టి తగ్గదు. మంట పెంచితే అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. బ్రూక్స్ కూడా వంటింటి పోలికే వాడారు.

అంచనాను సమర్థించుకోవడానికి తగిన ఆధారాలు లేకపోవడం వల్లనే మేనేజర్లు లొంగిపోతారని ఆయన అంటారు. ఇది సూక్ష్మమైన పరిశీలన. పైఅధికారి వద్ద తేదీ ఉంటుంది, ఒప్పందం ఉంటుంది. మేనేజరు వద్ద ‘నాకు అలా అనిపిస్తోంది’ అన్న మాట మాత్రమే ఉంటుంది. గత ప్రాజెక్టులలో ఏ పనికి ఎంతకాలం పట్టిందో రాసిపెట్టుకున్న పుస్తకం ఒకటి ఉంటే ఆ సంభాషణ మరోలా సాగుతుంది.

5.2 పరీక్షకు మిగిలిన కాలాన్ని కేటాయించడం

మొత్తం కాలంలో మూడో వంతు ప్రణాళికకు, ఆరో వంతు ప్రోగ్రాము రాయడానికి, నాలుగో వంతు విడిభాగాల పరీక్షకు, మరో నాలుగో వంతు మొత్తం వ్యవస్థ పరీక్షకు కేటాయించాలన్నది బ్రూక్స్ సూచన. అంటే సగం కాలం పరీక్షకే పోతుంది. కొత్తవారికి ఇది వృథాగా కనిపిస్తుంది. వారి పట్టికలో ప్రోగ్రాము రాయడం పెద్ద గడి, పరీక్ష చివరి చిన్న గడి. ముందు దశలో జరిగిన ప్రతి ఆలస్యం ఆ చివరి గడిని తినేస్తుంది.

ఈ పొరపాటుకు ఒక ప్రత్యేకత ఉంది. దాదాపు గడువు వరకు అది కనబడదు. అన్ని నివేదికలూ సవ్యంగా ఉంటాయి. చివరి వారాల్లో ఒక్కసారిగా చెడు వార్త వస్తుంది. అప్పటికి వినియోగదారు తన ఏర్పాట్లు తాను చేసుకుని ఉంటాడు. నష్టం ప్రాజెక్టు ఖర్చుతో ఆగదు.

5.3 ఖాళీగా ఉన్నారని పని అప్పగించడం

గ్రంథంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదని నా అభిప్రాయం. ఓఎస్/360 ఎలా ఉండాలో వివరించే పత్రం రాయాలి. తన వద్ద ఉన్న పది మంది సమర్థులతో దాన్ని రాస్తానని, పది నెలలు పడుతుందని రూపకల్పన మేనేజరు చెప్పారు. అది షెడ్యూలు కంటే మూడు నెలలు ఎక్కువ. నిర్మాణ బృందపు మేనేజరు తన వద్ద 150 మంది ఉన్నారని, రూపకల్పనవారితో సంప్రదిస్తూ సకాలంలోనే రాయిస్తానని, లేకపోతే వారంతా పది నెలలు ఖాళీగా కూర్చోవలసి వస్తుందని అన్నారు. బ్రూక్స్ రెండోవారి మాట విన్నారు. ఆ పత్రమూ మూడు నెలలు ఆలస్యంగానే వచ్చింది, నాణ్యత తగ్గింది. పైగా వ్యవస్థలో ఒకే ఆలోచన లేకపోవడం వల్ల దోషాలు సవరించే కాలం మరో సంవత్సరం పెరిగిందని ఆయన లెక్కవేశారు.

ఆ నిర్ణయం తీసుకున్న రోజున అది తెలివైనదిగానే కనిపించి ఉంటుంది. 150 మందిని ఖాళీగా ఉంచే మేనేజరును ఏ సంస్థ మెచ్చుకుంటుంది? ‘అందరికీ చేతినిండా పని ఉండాలి’ అనే నియమం, ‘పని ఒక్క ఆలోచనతో సాగాలి’ అనే నియమం ఎదురుబొదురుగా నిలిచినప్పుడు మొదటిది కంటికి కనిపిస్తుంది, రెండోది కనిపించదు. కొత్త మేనేజరు కనిపించేదాన్నే ఎంచుకుంటాడు.

ఈ సందర్భంగా బ్రూక్స్ చెప్పిన ‘భావ ఏకత్వం’ అనే గుణాన్ని గుర్తుంచుకోవాలి. ఎంతమంది కట్టినా వ్యవస్థ ఒక్కరి ఆలోచనలా ఉండాలన్నదే దాని సారం.

5.4 అస్పష్టమైన మైలురాళ్లు, దాచిపెట్టిన చెడు వార్తలు

‘పని తొంభై శాతం అయింది’ అనే నివేదిక వారాల తరబడి అలాగే నిలిచి ఉండటం చాలామంది ఎరిగినదే. అయిందా లేదా అని ఒక్క మాటలో చెప్పగలిగినదే మైలురాయి. ‘వివరణ పత్రంపై ఇద్దరూ సంతకం చేశారు’ అన్నది మైలురాయి అవుతుంది, ‘రూపకల్పన చాలావరకు అయింది’ అన్నది కాదు.

గ్రంథంలో బ్రూక్స్ ప్రస్తావించిన ఒక అధ్యయనం ప్రకారం, పని మొదలైన తరువాత ఎక్కువగా వేసిన అంచనాలు క్రమంగా తగ్గుతూ వస్తాయి. తక్కువగా వేసినవి మాత్రం గడువుకు సుమారు మూడు వారాల ముందు వరకు మారవు. అంటే పని చేసేవారికి నిజం తెలిసినా తెలియకపోయినా, అది కాగితం మీదికి రావడానికి అంతకాలం పడుతోంది.

ఎందుకు? చెడు వార్త చెప్పగానే పైఅధికారి వచ్చి పనిలో జోక్యం చేసుకుంటే కిందివారు ఆ వార్తను దాచడం నేర్చుకుంటారు. అందువల్ల పరిస్థితి తెలుసుకునే సమావేశాన్ని, చర్య తీసుకునే సమావేశాన్ని వేరుచేయాలని బ్రూక్స్ సలహా. ఇందులో విశేషమేమిటంటే, సమాచారం దాచినవారిని నిందించకుండా దాచవలసిన అవసరం కల్పించినవారిని ఆయన ప్రశ్నించారు.

5.5 రెండో ప్రయత్నంలో అతి

మొదటి ప్రాజెక్టులో జాగ్రత్తగా ఉన్న రూపకర్త, అందులో పక్కన పెట్టిన ఆలోచనలన్నింటినీ రెండోదానిలో కుక్కుతాడు. దీన్ని ‘రెండో వ్యవస్థ ప్రభావం’ అన్నారు. ఒక విజయం తరువాత వచ్చే ధీమాకు ఇది హెచ్చరిక.

6. గ్రంథ పరిమితులు

6.1 సూత్రం నినాదం కావడం

ఈ గ్రంథం పేరు తెలిసినవారిలో చాలామందికి తెలిసింది ఒక్క వాక్యమే. ఆ వాక్యం ‘మనుషులను ఎప్పుడూ చేర్చవద్దు’ అనే నినాదంగా మారింది. అది బ్రూక్స్ వాదం కాదు. తన సూత్రం విషయాన్ని మరీ సరళం చేస్తుందని 1975లోనే ఆయన హెచ్చరించారు. చిన్న బృందం శ్రేష్ఠమే అయినా పెద్ద వ్యవస్థను అది సకాలంలో పూర్తిచేయలేదని కూడా చెప్పారు. ఆ సంకటానికి పరిష్కారంగా హార్లన్ మిల్స్ సూచించిన ‘శస్త్రచికిత్స బృందం’ నమూనాను ముందుంచారు. ఒకరు ప్రధానంగా చేస్తారు, మిగిలినవారు శస్త్రచికిత్స గదిలోలాగా ఆయనకు తోడ్పడతారు.

1991లో తారెక్ అబ్దెల్-హమీద్, స్టువర్ట్ మాడ్నిక్ కంప్యూటర్ నమూనా సాయంతో ఈ సూత్రాన్ని పరీక్షించారు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే ఖర్చు తప్పక పెరుగుతుందని, ఆలస్యం మాత్రం ప్రతిసారీ పెరగదని తేల్చారు. 1995 ముద్రణలో బ్రూక్స్ ఈ ఫలితాన్ని చర్చించారు. మన ఉదాహరణలోనూ ఇదే కనిపించింది.

6.2 రచయిత మార్చుకున్న అభిప్రాయాలు

మొదటి నమూనాను పారేయడానికే కట్టాలని 1975లో బ్రూక్స్ సూచించారు. పనులు ఒకదాని తరువాత ఒకటిగా జరుగుతాయన్న భావన ఆ సూచన వెనుక ఉందని, అది సరికాదని, వ్యవస్థను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలని 1995లో సవరించుకున్నారు. ఒక భాగం లోపలి వివరాలు మరో భాగం వారికి తెలియనవసరం లేదన్న డేవిడ్ పార్నాస్ వాదాన్ని మొదట తిరస్కరించి, ఇరవై ఏళ్ల తరువాత పార్నాస్ చెప్పిందే సరైనదని ఒప్పుకున్నారు. ఈ రెండో సవరణ చిన్నది కాదు. ముక్కల మధ్య మాట్లాడుకోవలసిన అవసరాన్నే తగ్గించగలిగితే జంటల లెక్క భయపెట్టినంత పని చేయదు. కాబట్టి 1975 నాటి అధ్యాయాలను మాత్రమే చదివినవారికి బ్రూక్స్ ఆలోచన సగమే అందుతుంది.

6.3 మన పరిశ్రమకు అన్వయం

బ్రూక్స్ అనుభవం సొంత ఉత్పత్తిని తయారుచేసుకునే సంస్థది. హైదరాబాదులో పెరిగిన సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో పెద్ద భాగం ఇతరుల కోసం పనిచేసే సేవా పరిశ్రమ. 2000 సంవత్సరం దగ్గరపడినప్పుడు పాత ప్రోగ్రాములలోని తేదీలను సరిచేసే పని తెలుగు యువతకు చాలా అవకాశాలు ఇచ్చింది. ఆ పని చాలావరకు వరినాటు వంటిది. ఫైళ్లను పంచి ఇస్తే మనుషులు పెరిగినకొద్దీ వేగం పెరిగింది. మనిషి-నెల లెక్క అక్కడ నిజంగానే కుదిరింది.

తరువాత పనుల స్వభావం మారినా లెక్క మారలేదు. అనేక ఒప్పందాలలో సేవకు ధర కట్టేది మనిషి-గంటల్లో, మనిషి-నెలల్లోనే. బ్రూక్స్ అనుమానించిన కొలమానమే ఇక్కడ అమ్మకపు కొలమానం. పదిమందిని చేర్చితే ఆదాయం పెరిగే చోట ‘చేర్చవద్దు’ అని చెప్పే మేనేజరు తన సంస్థ రాబడికి ఎదురు నిలుస్తాడు. ఇక్కడి పొరపాటు అజ్ఞానం నుంచి కాక ఒప్పందం నుంచి పుడుతుంది. ఈ పరిస్థితికి గ్రంథంలో నేరుగా సమాధానం లేదు. ఆ లోటును మన పాఠకులే పూరించుకోవాలి.

6.4 ఆ శ్రమ ఎవరిది?

పై లెక్కలలో గడువు తప్పితే ప్రాజెక్టు జరుగుతుందని అనుకున్నాం. ఆచరణలో చాలాచోట్ల గడువు జరగదు, రోజు జరుగుతుంది. ఎనిమిది గంటలు పన్నెండు అవుతాయి, ఆదివారాలు పోతాయి. పట్టికలో ఎక్కడా లేని ఆ మనిషి-నెలలు బృందంలోని చిన్న ఉద్యోగుల ఇళ్లలోంచి వస్తాయి. పసిబిడ్డను అత్తగారికి అప్పగించి వచ్చిన ఉద్యోగిని, రాత్రి బస్సు దొరకని ట్రైనీ వాటిని చెల్లిస్తారు. మేనేజరు గడువు సాధించినట్లు నివేదిక వెళుతుంది. తరువాతి ప్రాజెక్టుకు ఆ తప్పుడు వేగమే ఆధారమవుతుంది.

బ్రూక్స్ మేనేజరు కుర్చీలోంచి చూస్తూ రాశారు. ఆయన దృష్టి వ్యవస్థ నాణ్యత మీద, గడువు మీద ఉంది. ఆయన శస్త్రచికిత్స బృందంలో ప్రధాన వ్యక్తి ఆలోచనకు విలువ ఉంది. తోడ్పడేవారి ఎదుగుదల అక్కడ ప్రధానాంశం కాదు. నివేదికలలో భయం ఎలా పుడుతుందో అంత చక్కగా గమనించిన రచయిత, రాత్రిపూట జరిగే ఈ లెక్కలేని పనిని కూడా అంతే నిశితంగా పరిశీలించి ఉంటే గ్రంథం మరింత సమగ్రమయ్యేది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

1. బ్రూక్స్ సూచన ప్రకారం 12 నెలల ప్రాజెక్టులో ప్రోగ్రాము రాయడానికి ఎన్ని నెలలు?
2. ‘పరీక్ష దాదాపు పూర్తయింది’ అన్నది మైలురాయి ఎందుకు కాదు?
3. మనిషి-నెల లెక్క కుదిరిన సాఫ్ట్‌వేర్ పనికి ఈ పాఠంలో ఇచ్చిన ఉదాహరణ ఏది?

7. మూల్యాంకనం

యంత్రాలు, భాషలు ఎన్ని మారినా ఈ గ్రంథం నిలవడానికి కారణం, అది మనుషులు కలిసి ఆలోచించడంలో ఉన్న కష్టాన్ని గురించి రాసినది కావడమే. దాని సూత్రాన్ని శాసనంగా కాక ప్రశ్నగా వాడుకోవడం మంచిది. ‘ఈ పని నాటు వంటిదా, పైరు వంటిదా, పాఠ్యపుస్తకం వంటిదా?’ అని మేనేజరు ముందు తనను తాను అడగాలి. ఆ తరువాత ‘గడువు కుదరకపోతే లోటు పూడ్చేది ఎవరు?’ అని అడగాలి. మొదటి ప్రశ్నను బ్రూక్స్ నేర్పారు. రెండోదాన్ని మనం చేర్చుకోవాలి.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనే ఈ కోర్సు చదువుతున్నారు. మీలో కొందరు ఇప్పటికే ఒక బృందంలో సభ్యులు. రేపు ఒక చిన్న బృందానికి బాధ్యత వహించవచ్చు. గడువు సాధ్యం కాదని మూడో నెలలోనే ఆధారాలతో చెప్పడం ఎవరికీ ఇష్టమైన పని కాదు. చెప్పినందుకు మాట పడవలసి రావచ్చు. అయినా ఐదో నెలలో చెప్పేదానికంటే అది అందరికీ చౌక.

8. సారాంశం

మనిషి-నెల ఖర్చుకు సరైన కొలమానం, కాలానికి కాదు. సంప్రదింపు అవసరమైన పనిలో మనుషులు పెరిగినకొద్దీ శిక్షణ, పునర్విభజన, పరీక్షల భారం పెరుగుతుంది. ఆలస్యంగా మనుషులను చేర్చితే ఖర్చు తప్పక పెరుగుతుంది, గడువు కూడా తప్పే అవకాశం ఎక్కువ. కోరికను అంచనాగా రాయడం, పరీక్షకు తగిన కాలం ఇవ్వకపోవడం, ఖాళీగా ఉన్నవారిని చూసి పని పంచడం, అస్పష్టమైన మైలురాళ్లు, రెండో ప్రయత్నంలో అతి – ఇవి గ్రంథం చూపిన ఇతర పొరపాట్లు. సేవా ఒప్పందాల ప్రభావం, ఉద్యోగుల అదనపు శ్రమ గ్రంథంలో తగినంత చర్చకు రాలేదు.

9. కీలక పదాలు

మనిషి-నెల: ఒక వ్యక్తి ఒక నెలలో చేసే పని పరిమాణం.
భావ ఏకత్వం: వ్యవస్థ అంతటా ఒకే ఆలోచన కనిపించడం.
మైలురాయి: పూర్తయిందో లేదో స్పష్టంగా నిర్ధారించగల దశ.
రెండో వ్యవస్థ ప్రభావం: రెండో ప్రయత్నంలో అనవసరమైన హంగులు చేర్చే ధోరణి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

మొదటి విభాగం: 1. 36 జంటలు. 2. నాలుగో నెల చివర 13కు 2 కలిపితే 15. ఆరుగురికి రెండున్నర నెలలు. ఏడో నెల మధ్యలో పూర్తవుతుంది. 3. మీ అనుభవం నుంచి రాయండి.
రెండో విభాగం: 1. రెండు నెలలు. 2. అయిందా లేదా అని నిర్ధారించడానికి వీలులేదు. 3. 2000 సంవత్సరానికి ముందు జరిగిన తేదీల సవరణ.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. బ్రూక్స్ సూత్రాన్ని ఉదాహరణతో వివరించి, దాని పరిమితులను చర్చించండి.
2. కొత్త ప్రాజెక్టు మేనేజర్ల పొరపాట్లు లెక్క సరిగ్గా కనిపించడం వల్ల జరుగుతాయన్న వాదాన్ని పరీక్షించండి.

II. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఓఎస్/360 వివరణ పత్రం విషయంలో తీసుకున్న నిర్ణయం, దాని ఫలితం.
2. చెడు వార్తలు పైఅధికారులకు ఆలస్యంగా చేరడానికి కారణాలు.
3. మనిషి-నెలల్లో ధర కట్టే ఒప్పందాలు మేనేజరు నిర్ణయాలను ఎలా ప్రభావితం చేస్తాయి?